ఒక్క గోల్‌కి సరిపడా గొంతు

లోస్ తాలాస్,
ఆగస్టు మొదటి వారం

ఒరేయ్ ఎలిసేయో,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వేళ్ళతో టకటకా కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకో. మధ్యలో ఎవరైనా వస్తే మేకులు తూచి ఇచ్చి మళ్ళీ వస్తా.

ఊళ్ళో ఒకటే మాట. మన మొలీనోస్ జట్టుకీ ఏటి అవతలి సలీనాస్‌కీ జరిగే ఫుట్‌బాల్ ఆట ఈసారి టీవీలో వేస్తున్నారట, కామెంటరీ చెప్పేది నువ్వేనట. ఈ సంగతి నాకు మాంసం కొట్టు రుఫీనో చెప్పాడు. తమ్ముడి కబురు అక్కకి మాంసం కొట్టువాడు చెప్పాలా? పైగా మూడు రోజులుగా జనం ఇదే సందని మేకు ఒక్కటీ కొనకుండా వచ్చి కబుర్లు చెప్పి పోతున్నారు. నేను మాత్రం కొట్లో పాత టీవీ తీసేసి పెద్దది పెట్టించాను. రంగు డబ్బాల అర మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది.

రుఫీనో సంగతి తెలుసుగా. ఏ ఆటైనా సరే, గోల్ పడగానే ఫోన్ తీసి, టీవీలో చెప్పేవాడు ఆ గోల్ కేక ఎంతసేపు లాగాడో కొలుస్తాడు. ఎవరి గోల్‌కి ఎక్కువ లాగితే వాడు ఆ జట్టు మనిషి. వాడి లెక్క ప్రకారం ఈ దేశంలో న్యాయంగా ఉన్న గొంతు ఒక్కటీ లేదు. "మీవాడు మనూరివాడు, మనకి కాస్త ఎక్కువే లాగుతాడులే" అంటున్నాడు. 

ఒక అనుమానం. గల్లా వెనక గోడకి నీ ఫొటో ఉంది కదా, ఎనిమిదేళ్ళప్పటిది, మొలీనోస్ పచ్చ చారల చొక్కా, ముందు పన్ను లేదు. అది ఉంచనా, తీసేయనా? ఆట చెప్పేవాడు ఏ జట్టు వాడో బయటికి తెలియకూడదంటారుగా.

నీ మాతే టీ ఆకు రెండు పొట్లాలు బస్సులో వేశాను. రోజూ నానబెట్టుకుని తాగు. ఫోన్ ఎత్తు.

నీ అక్క
దెల్మీరా

---

బ్యూనస్ ఐరిస్,
ఆగస్టు రెండో వారం

అక్కా,

ఫొటో తీసెయ్. కోప్పడకు, లోపల సొరుగులో పెట్టు. మా పనిలో ఉన్నది ఒక్కటే మర్యాద. ఏ జట్టు అని ఎవరడిగినా నవ్వేయాలి. ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను. ఎవరైనా ఆ ఫొటోని ఫోన్లో తీసి నెట్లో పెట్టారంటే సలీనాస్ వాళ్ళు మా ప్రొడ్యూసర్ బసువాల్దో ప్రాణం తీస్తారు, ఆయన నా ప్రాణం తీస్తాడు.

ఫోన్ గురించి అడిగావు. రోజంతా చెవులకి హెడ్‌ఫోన్ ఉంటుంది, ఇంటికొచ్చేసరికి చెవుల్లో హోరు. అందుకే రాస్తున్నాను. నువ్వు రాస్తే బాగుంది కూడా, నీ కొట్టు చప్పుడు వినపడినట్టే ఉంది.

ఈసారి నా పక్కన నోయెమీ లెదెస్మా కూర్చుంటోంది. ఒకప్పుడు గోల్‌కీపర్, ఇప్పుడు మాతోపాటు ఆట ఎలా సాగిందో విడమరిచి చెబుతుంది. కొత్తలో గోల్ పడగానే తనూ అరిచేసేది. గోల్ ఆట చెప్పేవాడి సొత్తు, అక్కా. ఇంగ్లీషు వాళ్ళు గోల్ పడితే ఒక ముక్క చెప్పి ఊరుకుంటారట. మన స్పానిష్ టీవీలో అలా కుదరదు, ఊపిరి ఉన్నంతసేపూ లాగాలి, అది అయ్యేదాకా పక్కవాళ్ళు నోరు మెదపకూడదు. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. గోల్ పడగానే నా ఎడమ చెయ్యి ఆమె మణికట్టు మీద వేస్తాను. చెయ్యి ఉన్నంతసేపూ ఆమె మాట్లాడదు. తీశాక మొదలెడుతుంది. చూసేవాళ్ళకి ఇదేమీ కనపడదు.

ఆకు అందింది. ఈ మధ్య గోరువెచ్చని నీళ్ళే తాగుతున్నాను. పొట్లాలు నోయెమీకి ఇచ్చేశాను, ఏమనుకోకు.

ఎలిసేయో

---

లోస్ తాలాస్,
ఆగస్టు ఆఖరు

ఎలిసేయో,

ఏం చేశావురా నువ్వు?

కొట్టు నిండా జనం. నిచ్చెనల మీద కూర్చున్నారు, సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు. మొదట సలీనాస్ వాడు వేశాడు. నువ్వు లాగావు చూడూ, గాజు సామాన్లు అదిరాయి.  పని కదా, చెయ్యాలి కదా అనుకున్నాం. రుఫీనో మాత్రం ఫోన్ చూసుకుని తలాడించాడు.

ఆ తర్వాత మనవాళ్ళు సమం చేశారు. నేను స్టూలు మీంచి లేచాను. నువ్వు మొదలెట్టావు, సగంలో పుటుక్కున తెంచేసి ఆటగాడి పేరు చెప్పి ఊరుకున్నావు. తాతయ్య తిథికి పేరు చదివినట్టు. కొట్లో ఎవరూ అరవలేదు. అందరూ రుఫీనో వంక చూశారు. వాడు ఫోన్ నాకు చూపించి "సగం కూడా లేదు, దెల్మీరా" అన్నాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. చిన్నబుచ్చుకుని అన్నాడు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి షట్టర్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి "అమ్ముడుపోయిన గొంతు" అని రాసి ఉంది. ఆకుపచ్చ రంగు. ఆ రంగు నేను కలిపిందే. క్లబ్బు డప్పులకి వేయాలని రుఫీనో తీసుకెళ్ళాడు. పసుపు ఒక చుక్క ఎక్కువ పడింది, నా చేతి తప్పు నాకు తెలియదా? నేరుగా వాడి కొట్టుకెళ్ళి, రంగు నా దగ్గర కొన్నవాళ్ళు బ్రష్షు కూడా కొనాల్సింది, అక్షరాలు వంకరపోయాయి అన్నాను. వాడు కత్తి నూరుకుంటూ తల ఎత్తలేదు. తను రాయలేదట. ఎవరు రాశారో మాత్రం చెప్పడట.

షట్టర్ తుడవలేదు. పొద్దున ఎత్తేస్తే కనపడదు, సాయంత్రం దించితే ఊరంతా చదువుతోంది.

ఏం జరిగిందో చెప్పు. అందరికీ చెప్పడానికి నాకొక మాట కావాలి.

దెల్మీరా

---

బ్యూనస్ ఐరిస్,
సెప్టెంబరు

అక్కా,

అంత పెద్దది చేయాల్సిందేమీ లేదు. గోల్ పడ్డాక డైరెక్టర్ చెవిలో చెప్పాడు, రీప్లే వేస్తున్నా, ఆపెయ్ అని. ఆపేశాను. మా పనిలో ఇవి రోజూ ఉండేవే. రుఫీనోకి మాంసం కొట్టడం రాకపోతే నేను వెళ్ళి చెప్పానా?

షట్టర్ మీద ఇంకో రంగు కొట్టించు. నేను వచ్చినప్పుడు చూసుకుందాం.

ఎలిసేయో

---

లోస్ తాలాస్,
అక్టోబరు

ఎలిసేయో,

నువ్వు చెప్పిన మాటే నేను గల్లా దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. డైరెక్టర్ ఆపమన్నాడట, రీప్లే వేయాలట అని. వారం తిరక్కుండా రుఫీనో ఆ ఆట రికార్డు పట్టుకొచ్చి నా కొత్త టీవీలోనే వేశాడు. రీప్లే ఎక్కడుందిరా? నువ్వు ఆపేశాక కెమెరా ఇంకా మనవాళ్ళు కౌగిలించుకోవడమే చూపిస్తోంది. నువ్వు నోరు మూసుకున్నావు, నోయెమీ కూడా నోరు మూసుకుంది, ఉత్త మైదానం గోల. అప్పుడు కొట్లో ఆరుగురున్నారు. నేను అబద్ధాలకోరునయ్యాను.

ఇప్పుడు జనం హైవే పక్క కొత్తగా పెట్టిన సామాన్ల కొట్టుకి పోతున్నారు. నిన్న పక్కింటి ఇర్మా ఒక కుళాయి వాషరు కోసం అంత దూరం సైకిలు తొక్కింది. నా ముందు నుంచే వెళ్ళింది, తల దించుకుని.

ఇంకో సంగతి. మనవాళ్ళూ సలీనాసూ పై డివిజన్‌కి వెళ్ళే ఆఖరి ఆటకి చేరుకున్నారు. నవంబరులో, ఇక్కడే, మన మైదానంలో. పట్టికలో మనమే పైనున్నాం కాబట్టి సమంగా ముగిసినా మనమే పైకి. పెద్దాళ్ళు నలభై ఏళ్ళుగా దీనికోసం చూస్తున్నారు. అది కూడా నువ్వే చెబుతున్నావని విన్నాను. నిన్ను తీసేయమని ఛానల్‌కి పంపడానికి ఊళ్ళో సంతకాలు సేకరిస్తున్నారు. నా దగ్గరికీ వచ్చారు. వచ్చినవాడు కలం మర్చిపోయి నా కలమే అడిగాడు. ఇచ్చాను. సంతకం పెట్టలేదు.

నేను ఇన్నాళ్ళు నిన్ను ఒకటి అడగలేదు. మాతే మానేశానన్నావు. నువ్వు. పాల సీసా వదిలి మాతే గొట్టం పట్టుకున్న మనిషివి. నా పుట్టినరోజుకి టైపు చేసి పంపావు. మార్చి నుంచి నీ గొంతు నేను టీవీలోనే వింటున్నాను.

ఎలిసేయో, ఈ రాత్రికి ఒక్కసారి ఫోన్ చెయ్. ఏమీ మాట్లాడక్కర్లేదు. "దెల్మీరా" అను చాలు, నేనే పెట్టేస్తాను.

అక్క

---

బ్యూనస్ ఐరిస్,
అక్టోబరు ఆఖరు

అక్కా,

ఫోన్ చెయ్యలేదు. చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నువ్వు వినగానే పట్టేస్తావని చెయ్యలేదు. ఎలాగూ పట్టేశావు, కాబట్టి రాసేస్తున్నాను.

స్వరపేటికలో కాయ ఉంది. చిన్నదే, మెత్తగా ఉంటుందట. పక్కనే ఒక రక్తనాళం ఉబ్బి ఉందట. కోసి తీసేయొచ్చు. అప్పటిదాకా గుసగుస కూడా వద్దంది డాక్టరమ్మ, గుసగుస ఇంకా చెడ్డదట. అరిస్తే ఆ నాళం చిట్లుతుందంది. చిట్లితే మామూలు మాట మిగలొచ్చు, కేక మాత్రం మిగలదంది. మార్చి నుంచి వారమంతా నోరు మూసుకుని, ఆటరోజు మాత్రం తెరుస్తున్నాను. రొట్టెల కొట్లో వేలు పెట్టి చూపిస్తాను. వాళ్ళు నన్ను మూగవాడనుకుంటున్నారు, పాపం, ఒకటి అదనంగా వేస్తున్నారు.

ఛానల్‌కి తెలియదు. డిసెంబరులో నా ఒప్పందం అయిపోతుంది. బసువాల్దో దగ్గర లాంద్రియెల్ అని ఒకడు సిద్ధంగా ఉన్నాడు, వాడి గొంతు సైరన్. ఆఖరి ఆట నేను చెప్పలేనంటే అది వాడికి, ఆ తర్వాతవన్నీ కూడా వాడికి. ఆ ఆట చెప్పేసి, మర్నాడు ఆసుపత్రిలో చేరతాను. మాట్లాడేసుకున్నాను.

ఆగస్టులో జరిగింది ఇది. సలీనాస్ గోల్ ముందు పడింది. నేను మామూలుగానే లాగాను, లాగాక గొంతులో బ్లేడు పెట్టినట్టయింది. మనవాళ్ళది పడేసరికి సగంలో గొంతు చీలబోయింది. చీలితే దేశమంతా వింటుంది. అందుకని తెంచేశాను. మనది ముందు పడి ఉంటే వాళ్ళకి సగం దక్కేది, అంతే. ఒక ఆటకి నా దగ్గర ఒక్క గోల్‌కి సరిపడా గొంతే ఉందక్కా. ఎవరు ముందు వేస్తే వాళ్ళది.

మొదటే చెప్పకుండా నీతో అబద్ధం ఆడించాను. కానీ ఇప్పుడు కూడా ఎవరికీ చెప్పకు. రుఫీనోకి అసలు చెప్పకు. వాడికి చెబితే సాయంత్రానికి బసువాల్దోకి తెలుస్తుంది.

ఎలిసేయో

---

లోస్ తాలాస్,
నవంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేశాను. పట్టపగలు. షట్టర్ మీది రాతలు చదువుకుంటూ కాసేపు బయటే నిలబడ్డాను.

వద్దురా. ఆ ఆట చెప్పకు. లాంద్రియెల్ గాడినే అరవనీ. వచ్చెయ్. ఇక్కడ కొట్టు ఉంది, మేకులు అమ్మడానికి గొంతు అక్కర్లేదు. ఎవరికేం కావాలో వాళ్ళే చెబుతారు, మనం తూస్తే చాలు. నువ్వు ఎప్పటికీ మాట్లాడకపోయినా నాకు నష్టం లేదు, మనిద్దరికీ సరిపడా నేను మాట్లాడతాను. ఆ సంగతి నీకు తెలుసు.

వినవని కూడా తెలుసు. అందుకే ఇంకోటి రాస్తున్నాను, సిగ్గు విడిచి.

ఎలాగూ చెబుతానంటే, సలీనాస్ వాళ్ళది ముందు పడితే లాగకు. తేల్చేసి వదిలెయ్. మైకు పాడైందను, డైరెక్టర్ అన్నాడను, ఏదో ఒకటి అను. ఉన్న ఆ ఒక్కటీ మనవాళ్ళకి దాచిపెట్టు. నిన్న రుఫీనో వచ్చాడు. ఈసారీ మనది సగమే అయితే కుర్రాళ్ళు షట్టర్‌తో ఆగరు, తను ఆపలేడు అన్నాడు. బెదిరింపు కాదు, నిజంగానే భయపడి చెప్పాడు. నాకున్నది ఈ కొట్టు, నువ్వు. రెండూ ఒకే రోజు పోవడం నేను చూడలేను.

అక్క

---

బ్యూనస్ ఐరిస్,
ఆటకి రెండు రోజుల ముందు

అక్కా,

అది మాత్రం అడగకు. నేను ఒకటి దాచిపెట్టానంటే నీ షట్టర్ మీద రాసింది నిజమైపోతుంది.

ఆ రోజు పెందలాడే కొట్టు కట్టేసి ఇర్మా ఇంటికి వెళ్ళు. ఆట అవగానే మన మైదానం నుంచే రాత్రి బస్సెక్కి నేరుగా ఆసుపత్రికే వెళ్ళిపోతాను. ఆ తర్వాత చాలా రోజులు నోరు కట్టేస్తారు, కళ్ళు కాదు. రాస్తూ ఉండు.

ఎలిసేయో

---

లోస్ తాలాస్,
నవంబరు ఆఖరు

ఒరేయ్ ఎలిసేయో,

నోరు కట్టేశారా? మంచిది, ఈసారి మధ్యలో అడ్డురాకుండా వింటావు. నువ్వు ఆ గాజు గదిలో కూర్చుని ఆటనే చూశావు, నీ ఆట ఇక్కడ ఎలా వినపడిందో నీకు తెలియదు. అది నేను చెబుతాను.

ఇర్మా ఇంటికి వెళ్ళలేదు. నా కొట్టు వదిలి నేనెందుకు పోతాను? షట్టర్ సగం దించి, లోపల టీవీ పెట్టుకుని కూర్చున్నాను. ఊరంతా మైదానంలో ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. ఆట మొదలవగానే షట్టర్ కింద నుంచి వంగి రుఫీనో వచ్చాడు. మోకాలు బాగోలేదు కదా, మెట్లెక్కలేడట. కుర్చీ లాక్కుని, ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీ ముందే కొలుస్తాను. రేపు నేను అబద్ధం చెప్పానని నువ్వనకూడదు" అన్నాడు. నేను వాడికి మాతే కలిపి ఇచ్చాను. టీవీ వంక చూస్తూ సగం నీళ్ళు గల్లా మీదే పోశాను. వాడే జేబుగుడ్డ తీసి తుడిచాడు.

ఒక సంగతి నేను అనుకోలేదు. మైదానం మన వీధికి అవతలే. టీవీ నీ మాట ఇక్కడికి తెచ్చేసరికి ఆలస్యమవుతుంది. జనం గోల మాత్రం కిటికీలోంచి ముందే వచ్చేస్తుంది. అంటే ఏం జరిగిందో నాకు ముందు తెలుస్తుంది, నువ్వు దానికి ఏం చేస్తావో తర్వాత తెలుస్తుంది. ఆ మధ్యలో నా ప్రాణం ఎక్కడుంటుందో నువ్వే ఆలోచించుకో.

రెండో సగంలో ఉన్నట్టుండి బయట అంతా సద్దుమణిగింది. ఎక్కడో ఓ మూల నుంచి సన్నగా ఒక అరుపు. టీవీలో చూస్తే బంతి ఇంకా మధ్యలోనే ఉంది, మనవాళ్ళ దగ్గరే. నువ్వు తాపీగా పేర్లు చెబుతున్నావు. నేను రుఫీనో వంక చూశాను, వాడు నా వంక చూశాడు. సలీనాస్ వేసేశారని ఇద్దరికీ తెలిసిపోయింది. నీకింకా తెలియదు. నేను టీవీ వైపు తిరిగి, వద్దురా, లాగకు అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా.

నువ్వు లాగావు. పూర్తిగా. ఆగస్టులో కంటే ఎక్కువే. చివర్లో ఏదో గీరుకున్నట్టు వినపడింది, రుఫీనోకి వినపడలేదు, నాకు వినపడింది. వాడు ఫోన్ నొక్కి పక్కన పెట్టి, "మనూరి గడ్డ మీద నిలబడి" అన్నాడు, అంతే. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తర్వాత నువ్వు మాట్లాడటం తగ్గించేశావు. పేరు చెప్పడం, ఆగడం. పేరు, ఆగడం. నోయెమీయే ఎక్కువ మాట్లాడింది. నేను గోడ మీద ఫొటో తీసేసిన ఖాళీ వంక చూస్తూ కూర్చున్నాను.

ఇక అయిపోయిందనుకుంటుండగా కిటికీ అదిరింది. అలాంటి గోల నేను పుట్టి వినలేదు. మేకుల డబ్బాలు గలగలమన్నాయి. రుఫీనో కుర్చీలోంచి లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూలబడి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మనవాళ్ళు వేశారు. సమం. అంటే పై డివిజన్. నాకు ఆ ఆనందం రాలేదురా. టీవీలో మనవాడు ఇంకా బంతి అంచున పెట్టి కార్నర్‌కి సిద్ధమవుతున్నాడు. నీ దగ్గర ఇక గొంతు లేదని ఊరు మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. ఆ కార్నర్ అలాగే ఉండిపోతే బాగుణ్ణు అనుకున్నాను.

వాడు కొట్టాడు. బంతి లోపలికి పోయింది. నువ్వు మొదలెట్టావు. మూడో వంతు వచ్చిందో లేదో, గుడ్డ చినిగినట్టు ఒక చప్పుడు, ఆపైన ఏమీ లేదు. రుఫీనో వేలు ఫోన్ మీదే ఉంది. నొక్కబోయాడు.

అప్పుడు నీ పక్కనున్న ఆవిడ అందుకుంది. నువ్వు ఎక్కడ వదిలావో సరిగ్గా అక్కడ, కొత్తగా మొదలెట్టకుండా, మధ్యలోంచి. ఆడగొంతు, కాస్త బొంగురు, నీలా తీర్చిదిద్దింది కాదు. లాగింది లాగింది, ఊపిరి అయిపోతే మళ్ళీ పీల్చి లాగింది. అలా పీల్చకూడదేమో మీ పద్ధతిలో. ఎవరికి కావాలి?

అది ఆగాక కూడా రుఫీనో నొక్కలేదు. ఫోన్లో అంకెలు పరిగెడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి నన్నడిగాడు, "ఇది ఒక గోల్ కిందా, రెండు గోల్స్ కిందా?"

"వాడి గొంతు పోయింది, రుఫీనో," అన్నాను. "ఆగస్టులోనే పోయింది."

వాడు ఫోన్ తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాడు. మాతే గిన్నె తీసుకుని, ఈసారి వాడే నీళ్ళు పోసి నాకిచ్చాడు.

మర్నాడు తెల్లారేసరికి షట్టర్ దగ్గర వాడు, డప్పుల కుర్రాళ్ళు ఇద్దరు. రాతలు చెరపడం రాలేదట, అందుకని షట్టర్ మొత్తం పచ్చరంగు కొట్టేశారు. పసుపు ఎక్కువైన ఆ పచ్చే. గేదె నాకినట్టుంది. ఎండ పడితే లోపల అక్షరాలు లీలగా ఇంకా కనపడతాయి. బ్రష్షులు మాత్రం నా దగ్గరే తీసుకున్నారు. ఇర్మా వచ్చి వాషరు కొనుక్కుపోయింది. వాషరు సరిపోయిందో లేదో నేను అడగలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. నాళం చిట్లిందా? ఆవిడని నువ్వు అడిగావా, ఆవిడే అందుకుందా? దాచిపెట్టమని రాశాను చూడు, ఆ ఉత్తరం చించెయ్.

అక్క

---

బ్యూనస్ ఐరిస్,
డిసెంబరు

అక్కా,

ఏ ఉత్తరమూ చించలేదు.

చిట్లింది. సలీనాస్ గోల్‌కే చిట్లింది, నువ్వు విన్న ఆ గీరుడు అదే. నోట్లో రక్తం రుచి తెలుస్తూనే ఉంది. మిగిలిన ఆటంతా, మనవాళ్ళు వేయకూడదు అనుకున్నాను. ఎనిమిదేళ్ళప్పటి నుంచి మొలీనోస్ మనిషినైన నేను, మన మైదానంలో కూర్చుని, మనవాళ్ళు వేయకూడదు అనుకున్నాను. వేస్తే నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు. అది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

నోయెమీకి నేనేమీ చెప్పలేదు, అక్కా. అందుకోమని మాటల్లో అడగనూ లేదు. బంతి లోపలికి పోగానే అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ఆమె మణికట్టు మీద వేశాను. గొంతు తెగిపోయింది. చెయ్యి అలాగే ఉంది. చెయ్యి ఉంటే ఆమె మాట్లాడదు. ఆగస్టులో ఆపేశాక కూడా నేను చెయ్యి తియ్యలేదు, అందుకే ఆ రోజు అంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈసారి ఆ నిశ్శబ్దం మళ్ళీ మొదలవుతుండగా చెయ్యి తీసేశాను. కేక ఇంకా పూర్తి కాలేదని ఆమెకి తెలుసు. నా ముఖం వంక ఒక్కసారి చూసింది, అందుకుంది.

డాక్టరమ్మ కాయ తీసేసింది. మాట వస్తుందంది. కేక రాదంది. బసువాల్దో ఆసుపత్రికి వచ్చాడు. మొదట దాచినందుకు కోప్పడ్డాడు, తర్వాత నా మంచం మీదే కూర్చుని ఆ గోల్ మూడుసార్లు ఫోన్లో విన్నాడు. వచ్చే మార్చి నుంచి ఆట చెప్పేది నోయెమీ. లాంద్రియెల్ ఏదో అన్నాడట, బసువాల్దో వాడి ముందు కూడా అదే గోల్ వేశాడట. నేను ఆమె పక్కన కూర్చుని విడమరిచి చెబుతాను, దానికి మామూలు గొంతు చాలు. గోల్ పడితే ఆమె తన చెయ్యి నా మణికట్టు మీద వేస్తుంది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి నాది. అలవాటు పడాలి. ఇంకా పడలేదు, రాత్రి కల్లో బంతి లోపలికి పోతే నోరు తెరుస్తున్నాను.

సొరుగులోంచి ఫొటో తీసి మళ్ళీ గోడకి తగిలించు. ఇక ఎవరు చూసినా ఫర్వాలేదు.

డాక్టరమ్మ రేపటి నుంచి రోజుకి కాస్త మాట్లాడమంది. మెల్లగా, ఒక్కో మాట. రేపు కొట్టు తెరిచాక ఫోన్ మోగుతుంది. ఎత్తు. అవతల ఏమీ వినపడకపోయినా పెట్టేయకు, నువ్వు కూడా మాట్లాడకు. నీకది కష్టమే, కానీ కాసేపు ఓర్చుకో. మొదలెట్టడానికి నాకు కొంచెం టైం పడుతుంది.

ఎలిసేయో